జ్ఞాపకం జారిపోతున్నవారి కుంగుబాటుకు మానసిక చికిత్స: సంరక్షణ కేంద్రంలో ఎలా చేయాలి

నిన్న మాట్లాడుకున్న సంగతి ఈ రోజు గుర్తులేని మనిషికి మాటలతో చేసే చికిత్స వల్ల ఒరిగేదేమిటన్న ప్రశ్న ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ప్రతి కౌన్సెలర్‌కూ ఎదురవుతుంది. ప్రశ్న సహేతుకమైనదే. అయితే ఒక సంఘటనను గుర్తుంచుకోవడమూ, అది కలిగించిన అనుభూతి మనసులో నిలవడమూ ఒకటి కావు. 2014లో అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు అల్జీమర్స్ ఉన్నవారికి కొన్ని విషాద దృశ్యాలను, కొన్ని సంతోషకరమైన దృశ్యాలను చూపించి, కాసేపటికి ఏం చూశారని అడిగితే వారు పెద్దగా ఏమీ చెప్పలేకపోయారు గానీ, ఆ దృశ్యాలు కలిగించిన దుఃఖమూ సంతోషమూ మాత్రం ఆ తర్వాత కూడా వారిని వదలలేదు. అంటే పొద్దున తిన్న చీవాటు మనసులోంచి చెరిగిపోయినా దాని బాధ మధ్యాహ్నం దాకా ఉంటుంది. పొద్దున దొరికిన ఆదరణ విషయంలోనూ అంతే.

కాబట్టి గుర్తుంచుకోవలసిన భారాన్ని రోగి మీద నుంచి దించి, గోడకు అంటించిన కాగితం మీద, చేతిలోని కార్డు మీద, సిబ్బంది అలవాటు మీద, రోజువారీ వేళాపట్టిక మీద పెట్టడమే ఈ చికిత్సలోని కీలకం. చికిత్సకుడు వారానికొకసారి అరగంట కూర్చుని వెళ్తే సరిపోతుందనుకునేవారికి ఈ పని నిరాశనే మిగులుస్తుంది. నర్సింగ్ హోమ్ అనగానే మనకు చిన్న ప్రైవేటు ఆసుపత్రి స్ఫురిస్తుంది కనుక ముందే చెప్పుకోవాలి: ఇక్కడ మాట్లాడుతున్నది వృద్ధులు నెలల తరబడి, ఏళ్ల తరబడి నివసించే సంరక్షణ కేంద్రాల గురించి. అక్కడ పనిచేసే సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, నర్సులు ఈ సూచనలను ఉపయోగించుకోవచ్చు.

అది కుంగుబాటేనా?

డిమెన్షియా (అల్జీమర్స్ వంటి జబ్బుల వల్ల జ్ఞాపకమూ ఆలోచనా క్రమంగా దెబ్బతినే స్థితి) ఉన్న మనిషి “నాకు దిగులుగా ఉంది” అని చెప్పడం అరుదు. మాట వెతుక్కోవడం కష్టమైపోయాక దిగులు మరో రూపంలో బయటపడుతుంది. స్నానానికి తీసుకెళ్లబోయిన ఆయాను తోసేయడం, కంచం పక్కకు నెట్టడం, గోడవైపు తిరిగి పడుకోవడం, తెల్లవారుజామునే లేచి కూర్చుని ఏడవడం, చిన్న విషయానికే చిరాకుపడటం వంటివి కేస్ షీటులో “సహకరించడం లేదు” అన్న ఒక్క మాటగా మిగిలిపోతాయి. ఈ తేడాను గుర్తించే 2002లో అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ తరఫున నిపుణులు అల్జీమర్స్‌లో కుంగుబాటుకు ప్రత్యేకంగా తాత్కాలిక ప్రమాణాలు రూపొందించారు. మామూలు కుంగుబాటు నిర్ధారణకు 5 లక్షణాలు కావలసి ఉండగా ఇక్కడ 3 చాలన్నారు. చిరాకును, నలుగురికీ దూరంగా మసలడాన్ని లక్షణాలుగా చేర్చారు. లక్షణాలు దాదాపు ప్రతిరోజూ ఉండితీరాలన్న నియమాన్ని సడలించారు.

కొలవడానికి కార్నెల్ స్కేలు అక్కరకొస్తుంది. 1988లో జార్జ్ అలెక్సోపౌలోస్, ఆయన సహచరులు ప్రత్యేకంగా డిమెన్షియా ఉన్నవారి కోసం రూపొందించిన ఈ స్కేలులో 19 అంశాలుంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు మార్కులు వేస్తారు; మొత్తం 10 దాటితే తీవ్రమైన కుంగుబాటు ఉండే అవకాశం ఉందని, 18 దాటితే కచ్చితంగా ఉందని భావిస్తారు. దీని గొప్పతనం మార్కుల్లో కన్నా అడిగే తీరులో ఉంది: ముందు ఆ మనిషిని దగ్గరగా చూసుకునేవారిని గడచిన వారం గురించి అడుగుతారు, ఆ తర్వాతే రోగితో కాసేపు మాట్లాడతారు. అడగవలసింది మాత్రం డ్యూటీ నర్సును ఒక్కరినే కాదు. రాత్రి షిఫ్టు ఆయాకు తెలిసిన సంగతులు పగటి సిబ్బందిలో ఎవరికీ తెలియవు. అవును కాదు సమాధానాలతో నడిచే వృద్ధుల కుంగుబాటు స్కేలు తొలి దశలో పనికొస్తుంది గానీ, జ్ఞాపకమూ ఆలోచనా బాగా దెబ్బతిన్నాక రోగి చెప్పే సమాధానాల మీదే ఆధారపడే ఏ స్కేలునూ పూర్తిగా నమ్మలేము.

కుంగుబాటుగా పొరబడే స్థితులు రెండున్నాయి. మొదటిది నిరాసక్తత. ఇందులోనూ మనిషి ఏ పనీ మొదలుపెట్టకుండా కూర్చునే ఉంటాడు, కానీ ఆ ఖాళీతనం అతన్ని బాధించదు. కన్నీళ్లు, అపరాధభావం, “నేనెందుకు బతికున్నాను” అన్న మాట ఉండవు. రెండోది డెలీరియం, అంటే హఠాత్తుగా వచ్చే మానసిక గందరగోళం. రెండుమూడు రోజుల్లోనే మనిషి మందకొడిగా మారి, మగతగా ఉంటూ, గంటగంటకూ స్థితి మారుతుంటే అది ఇన్‌ఫెక్షనో, నీరు చాలకపోవడమో, కొత్తగా మొదలుపెట్టిన మందో కావచ్చు కనుక కౌన్సెలర్‌ను కాదు, వెంటనే వైద్యుణ్ణి పిలవాలి. నెమ్మదిగా వచ్చిన మార్పు విషయంలోనూ థైరాయిడ్, బి12, మందుల దుష్ప్రభావాలు, మలబద్ధకం, అన్నిటికన్నా ముఖ్యంగా నొప్పి సంగతి తేల్చుకున్నాకే చికిత్స మొదలుపెట్టాలి. నొప్పి ఉందా అని అడిగితే లేదనే పెద్దవారు పక్క మీద తిప్పేటప్పుడు ముఖం చిట్లిస్తారు; ఆ క్షణంలో చూడాలి.

ఇంకొక చిన్న విషయం చెప్పకుండా ఉండలేను. చెవి మిషనులో బ్యాటరీ అయిపోయి, కళ్లద్దాలు సొరుగులో పడి ఉండగా “నలుగురిలో కలవడం లేదు” అని రాసుకోవడం చాలా సులువు. చికిత్స తొలి రోజు చేయవలసిన పని ఆ సొరుగు తెరవడం.

అంగీకారం, కూర్చునే తీరు

చట్టరీత్యా నిర్ణయం తీసుకునే కుటుంబసభ్యుడు సంతకం పెట్టినంత మాత్రాన రోగి అంగీకరించినట్టు కాదు. ప్రతిసారీ కొత్తగా అడగాలి. “కాసేపు మీతో కూర్చుని మాట్లాడవచ్చాండీ?” అన్నప్పుడు తల తిప్పుకుంటే ఆ రోజుకు వద్దన్నట్టే, సాయంత్రమో మర్నాడో మళ్లీ అడగవచ్చు. రోగి చెప్పిన విషయాల్లో సంరక్షణకు ఉపయోగపడేవి మాత్రమే సిబ్బందికి చెప్పాలి, మిగిలినవి మన దగ్గరే ఉండాలి. మరచిపోతారు కదా అని వారి రహస్యాల విలువ తగ్గదు.

సెషను 20 నుంచి 30 నిమిషాలు మించకపోవడం మేలు. వీలైతే వారానికి ఒకసారి గంటసేపు కాకుండా రెండుసార్లు అరగంట చొప్పున కూర్చోవాలి. అదే గది, అదే కుర్చీ, అదే వేళ ఉండేట్టు చూసుకోవాలి, ఎందుకంటే ఏం మాట్లాడుకున్నారో గుర్తులేకపోయినా చోటు పరిచయమవుతుంది. చాలామందికి ఉదయం పూట మనసు తేటగా ఉంటుంది. టీవీ కట్టేయాలి, వెలుతురు మన ముఖం మీద పడేలా కూర్చోవాలి, ప్రతిసారీ పేరు, వచ్చిన పని మనమే చెప్పుకోవాలి. “నేనెవరో గుర్తున్నానా?” అని అడగడం చికిత్సను ఓటమితో మొదలుపెట్టడమే. ఒక వాక్యంలో ఒకే సంగతి ఉండాలి. ప్రశ్న వేశాక మనసులో పది లెక్కపెట్టుకునేంతసేపు ఆగాలి. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక మనమే జవాబు అందించేయడం చదువుకున్నవారికి ఉండే జబ్బు. ఏ రోజు మాట్లాడుకున్నదాని సారాన్ని ఆ రోజే పెద్ద అక్షరాలతో, రోగి వాడిన మాటల్లోనే, ఒక కార్డు మీద రాసి చేతికివ్వాలి.

ఏ దశకు ఏ పద్ధతి

మానసిక చికిత్సల మీద, వైద్య పరిశోధనలను క్రోడీకరించే కొక్రేన్ సంస్థ 2022లో ప్రచురించిన సమీక్ష 29 పరిశోధనలను, సుమారు 2,600 మందిని పరిశీలించి, ఆలోచన–ప్రవర్తన చికిత్స కోవకు చెందిన పద్ధతులు డిమెన్షియా ఉన్నవారిలో కుంగుబాటును కొంత తగ్గిస్తాయని తేల్చింది. వాటిలో పాల్గొన్నవారిలో ఎక్కువమందికి డిమెన్షియా స్వల్పస్థాయిలోనే ఉందన్నది గుర్తుంచుకోవాలి. కనుక ఆ పద్ధతులను సంరక్షణ కేంద్రానికి తెచ్చేటప్పుడు కుదించి, సరళం చేసి వాడవలసిందే.

తొలి దశలో ఉన్నవారితో ఆలోచనలను పరిశీలించే పని చేయవచ్చు, కాకపోతే ఒకే ఆలోచనను పట్టుకోవాలి. “నేనెవరికీ పనికిరాను” అన్న మాట పదేపదే వస్తుంటే, దానికి విరుద్ధంగా ఆ వారంలో జరిగినవి రెండు రోగి చేతనే చెప్పించి కార్డు మీద రాయించాలి. వాదించకూడదు. కార్డు చూసుకోవడం అలవాటు కావడానికి విరామం పెంచుతూ అడిగే పద్ధతి బాగా పనిచేస్తుంది: “దిగులేసినప్పుడు ఏం చేస్తారు?” అని అడిగి “కార్డు చూస్తాను” అన్న జవాబును ముందు వెంటనే, తర్వాత అర నిమిషానికి, ఆపైన ఒకటి, రెండు, నాలుగు నిమిషాలకు చెప్పించాలి. తప్పితే సరైన జవాబు మనమే చెప్పి, చివరిసారి సరిగ్గా చెప్పిన విరామానికి వెనక్కి రావాలి. డిమిట్రిస్ కియోసెస్ బృందం రూపొందించిన 12 వారాల పద్ధతి కూడా ఈ దారిలోదే. జ్ఞాపకం, ఆలోచన దెబ్బతిన్న వృద్ధులకు ఇళ్లలోనే చేసిన ఆ చికిత్సలో, బాధ పెట్టే సందర్భాన్ని గుర్తించి, దానిని తప్పించడమో మార్చడమో చేయడానికి కేలండరు, నోటుపుస్తకం, వరుసగా రాసిపెట్టిన సూచనలు, పక్కనుండే సంరక్షకుల సాయం వాడతారు. 2015లో వెలువడిన వారి ఫలితాలు ప్రోత్సాహకరంగానే ఉన్నాయి.

మధ్యస్థ దశకు వచ్చేసరికి ఆలోచనల జోలి తగ్గించి పనుల వైపు మళ్లాలి. సంరక్షణ కేంద్రంలో నాకు అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి ఇదే. లిండా టెరీ బృందం 1997లో 72 జంటలతో, అంటే రోగి, వారిని చూసుకునేవారు కలిసి పాల్గొనగా, 9 వారాల పాటు ఇష్టమైన పనులను పెంచే చికిత్సను, సంరక్షకులకు సమస్యా పరిష్కారం నేర్పే చికిత్సను పరీక్షించింది. రెండిటిలోనూ రోగుల కుంగుబాటు తగ్గింది, చూసుకునేవారిదీ తగ్గింది. ఆ తర్వాత సుజాన్ మీక్స్ ఇదే ఆలోచనను సంరక్షణ కేంద్రాలకు అనువుగా 10 వారాల కార్యక్రమంగా మలిచారు. అందులో చికిత్సకుడితో పాటు కేంద్రం సిబ్బంది కూడా పాలుపంచుకుంటారు. సూత్రం తేలికైనది. కుంగుబాటు పనులను తగ్గిస్తుంది, పనులు తగ్గేకొద్దీ సంతోషానికి ఆస్కారం తగ్గుతుంది, దాంతో కుంగుబాటు ఇంకా పెరుగుతుంది. ఈ గొలుసును మనం తెంచగలిగిన చోటు పనులే.

అమలులో మాత్రం ఇది తేలిక కాదు. ఒకప్పుడు దర్జీగా బతికిన పెద్దాయన పొద్దస్తమానం కిటికీ పక్కన కూర్చుని ఉంటున్నాడనుకుందాం. “మీకేమిష్టం?” అని అడిగితే “ఏముందిలెండి” అంటాడు. అక్కడితో ఆగకుండా రకరకాల గుడ్డముక్కలు నాలుగు ఆయన చేతిలో పెట్టి చూడాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడ్డను నలిపి, “ఇది ఉతికితే ముడుచుకుపోతుంది” అన్నాడంటే దారి దొరికినట్టే. ఇక ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, డబ్బాడు గుండీలిచ్చి రంగుల వారీగా వేరుచేయమనడం. జీవితమంతా కొలతలు తీసిన మనిషికి అది పిల్లల ఆటలా తోచి అవమానంగా ఉంటుంది. ఉతికి వచ్చిన చొక్కాల్లో గుండీ ఊడినవేవో, కుట్టు విడిపోయినవేవో చూసి సుద్దముక్కతో గుర్తుపెట్టమంటే అది పని. సూది అక్కర్లేదు, ప్రమాదమూ లేదు. ఆరు చొక్కాలు చాలు. ఎవరు తెచ్చివ్వాలి, ఏ వేళకు, ఏ బల్ల మీద, ఎంతసేపు అన్నవి వేళాపట్టికలో రాసి, ఆ వేళ డ్యూటీలో ఉండేవారి పేరు పక్కన చేర్చాలి. పేరు లేని పని ఎవరిదీ కాదు. పని ముందు, పని తర్వాత ఆయన ముఖం ఎలా ఉందో ఆ ఉద్యోగే ఒక్క గీతతో గుర్తుపెడితే వారం చివర మాట్లాడుకోవడానికి ఆధారం ఉంటుంది. ముఖంలో మార్పు రాకపోతే రోగిని తప్పుపట్టకుండా పని మార్చాలి.

గతాన్ని తలచుకునే చికిత్స కూడా ఈ దశలో ఉపయోగపడుతుంది. వృద్ధులు జీవితాన్ని నెమరువేసుకోవడం చాదస్తం కాదని, అది మనసుకు అవసరమైన పనేనని రాబర్ట్ బట్లర్ 1963లోనే రాశారు. ఏ సంవత్సరంలో, ఎవరితో అని ఆరాలు తీస్తే అది పరీక్షయిపోతుంది. ఫోటో, పాత పనిముట్టు, సబ్బు వాసన, యవ్వనంలో విన్న పాట ముందుంచి, వచ్చిన మాటను అందుకోవాలి. గతంలో పెద్ద గాయాలున్నవారి విషయంలో ఏ ఫోటో చూపకూడదో కుటుంబాన్ని ముందే అడిగి తెలుసుకోవాలి. చివరి దశలో మాట దాదాపు పోయాక మిగిలేవి స్వరం, స్పర్శ, సంగీతం. పది నిమిషాలు పక్కన కూర్చుని వారి శ్వాస వేగానికి తగ్గట్టు మన మాట నెమ్మదించుకోవడమే అప్పటి సెషను.

“ఇంటికి వెళ్లాలి”

సాయంత్రం నాలుగయ్యేసరికి ఒక పెద్దావిడ సంచీ భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడుతుంది. ఇలాంటివారు లేని కేంద్రం ఉండదేమో. “ఇదే మీ ఇల్లు” అన్నా, “రేపు వెళ్దాంలెండి” అన్నా గొడవ పెరుగుతుంది. ఇలా సాగనివ్వవచ్చు.

“పిల్లలు బడి నుంచి వచ్చే వేళయింది, పోవాలమ్మాయ్.”

“పిల్లల మీద బెంగగా ఉందాండీ?”

“ఉండదూ మరి! నేను లేకపోతే తలుపెవరు తీస్తారు?”

“వాళ్లు రాగానే మీరు ముందు ఏం చేసేవారు?”

ఆవిడ చెప్పడం మొదలుపెట్టాక ఇద్దరూ నెమ్మదిగా నడుస్తూ కిటికీ దగ్గరి కుర్చీ దాకా వస్తారు. ఇక్కడ అబద్ధం చెప్పలేదు, నిజాన్ని ఆవిడ నెత్తిన కొట్టనూ లేదు. తనతో ఎవరికో పని ఉండాలన్న ఆవిడ కోరికను విన్నాము. దీనిని మర్నాటి నుంచి నాలుగు గంటలకు కాక మూడున్నరకే మొదలుపెట్టాలి, ఆ అరగంటలో ఎవరికైనా సాయపడే పని ఆవిడకు ఉండాలి.

చనిపోయిన భర్త ఏడని అడిగేవారి విషయం ఇంతకన్నా కష్టం. ప్రతిసారీ మరణవార్త చెప్పడమంటే ప్రతిసారీ కొత్తగా దుఃఖంలోకి నెట్టడమే. ఆయన గురించి మాట్లాడించి, ఆ లోటును గుర్తించడం మేలు. కానీ “ఆయన పోయారు కదూ?” అని తనంతట తాను కళ్లలోకి చూసి అడిగితే మాత్రం మృదువుగా అవునని చెప్పి, పక్కనే ఉండి, ఏడవనివ్వాలని నా అభిప్రాయం. ఈ ప్రశ్నకు అన్ని షిఫ్టులవారూ ఒకే తీరున జవాబిచ్చేలా కేస్ షీటులో రాసిపెట్టాలి.

సిబ్బంది, మందులు, ప్రమాద సూచనలు

సిబ్బందికి పెద్ద శిక్షణ తరగతి కన్నా, షిఫ్టు మారేటప్పుడు ఐదు నిమిషాలు ఒక్క రోగి గురించి మాట్లాడుకోవడం ఎక్కువ ఫలితమిస్తుంది. మనం చెప్పడం కాక, “ఆయన ఈ వారం ఎప్పుడు నవ్వాడు?” అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు వెతకడం కోసమైనా రోగి ముఖం చూడటం మొదలవుతుంది. కుటుంబసభ్యులకు, వచ్చినప్పుడు జ్ఞాపకశక్తిని పరీక్షించవద్దనీ, కలిసి చేయడానికి ఏదో ఒక పని తెచ్చుకోమనీ చెప్పాలి.

కుంగుబాటు మందులు వాడాలా వద్దా అన్నది వైద్యుడి నిర్ణయం. అయితే అల్జీమర్స్‌తో పాటు కుంగుబాటు ఉన్న 326 మంది మీద జరిగి, 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో సెర్ట్రలిన్, మిర్టజపిన్ మందులు ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా పనిచేయలేదు, దుష్ప్రభావాలు మాత్రం ఎక్కువయ్యాయి. అందువల్ల మందు మొదలైంది కదా అని మాటను, పనిని మానేయడానికి వీల్లేదు. అలాగని వాడుతున్న మందును వైద్యుణ్ణి అడగకుండా ఆపకూడదు. తిండీ నీరూ మానేయడం, బరువు వేగంగా తగ్గడం, చచ్చిపోతానన్న మాట, మాత్రలు దాచుకోవడం కనిపిస్తే అదే రోజు మానసిక వైద్యుడికి తెలియజేయాలి. డిమెన్షియా ఉన్నవారు ఆత్మహత్య చేసుకోలేరన్న ధీమా తప్పు. ముఖ్యంగా జబ్బు పేరు కొత్తగా తెలిసిన తొలి నెలల్లో జాగ్రత్త అవసరం.

ముగించే తీరు

నాలుగు వారాలకొకసారి కార్నెల్ స్కేలు మళ్లీ వేయాలి, వీలైనంత వరకు మొదట సమాచారమిచ్చిన సిబ్బందినే మళ్లీ అడగాలి. మార్కులు తగ్గినా, పది పన్నెండు వారాల తర్వాత ఒక్కసారిగా రావడం మానేయకూడదు. మన పేరు గుర్తులేని మనిషి కూడా మనం రాని వేళను గుర్తించగలడు. చివరి నాలుగు సెషన్లలో, ఆ తర్వాత పనిని కొనసాగించబోయే ఆయానో నర్సునో మన పక్కన కూర్చోబెట్టుకోవాలి. మొదటి రెండుసార్లు వారు వింటారు. మూడోసారి వారు మాట్లాడుతుంటే మనం వింటాం. నాలుగోసారి రోగికి ఎదురుగా ఉండే కుర్చీ వారిదవుతుంది, మనం కాస్త వెనక కూర్చుంటాం. వీడ్కోలును కార్డు మీద రాసి ఇవ్వాలి, కానీ ఆ కార్డులో మన పేరు కన్నా పైన ఆ ఉద్యోగి పేరు, వారు వచ్చే వేళ ఉండాలి. నెల తర్వాత ఒకసారి వెళ్లి, చొక్కాలు ఇంకా ఆ బల్ల మీదికి వస్తున్నాయో లేదో చూడాలి.